చేజర్లలో నాలుగు దినములు

చేజర్ల యను పేరుగల యూళ్లు మన యాంధ్రదేశమున రెండు ప్రసిద్ధముగా నున్నవి. పల్నాటిసీమలో నకరికల్లు చేరువనున్న చేజర్ల కపోతేశ్వరస్వామి యాలయముచేత పేరు గాంచినది. ఆ యాలయము వెనుకభాగము ఏనుగు వీపువలె గుండ్రముగా నుండుటనుబట్టి, పూర్వమది బౌద్ధుల చైత్యమై యుండెనని చరిత్రకారులు చెప్పుదురు. మేము చూచి వచ్చినది ఆ చేజర్ల కాదు. నెల్లూరుజిల్లా పడమటిభాగమున, ఆత్మకూరు ప్రాంతమున, పెన్నకు దక్షిణముగా నున్న మండలకేంద్రమగు చేజర్ల. దీనికి యాత్రాస్థలమను కీర్తి లేదు. అయినను ఒక సంసారము లోపలికి పోయి నాలుగు దినములుండి చూచినవారికి ఏ యూరైనను యాత్రాస్థలమే గదా!

మేము చెన్నపట్టణమున కాపురముండువారము. చేజర్లలో మా యాడపడుచు నత్తవారిల్లు కలదు. శివరాత్రి వెళ్లి, యెండలు ముదురుచున్న దినములలో మావారును మేమును బయలుదేరి నెల్లూరివరకు రైలులోను, అక్కడనుండి పొదలకూరుమీదుగా బస్సులోను పోయితిమి. మా చేతిసంచులలో నొకటి మిక్కిలి బరువుగా నుండెను. అందులో నొక పాత లాప్‌టాప్ ఉన్నది. ఈ వ్యాసమున సగము ఆ యూరిని గూర్చియు, సగము ఆ యంత్రమును గూర్చియు వ్రాయవలసివచ్చుచున్నది. ఏలయన, ఆ నాలుగు దినములును ఆ యింట రెంటిని వేరుచేయ శక్యము కాకుండెను.

పొదలకూరు దారి నిమ్మతోటల దారి. ఆ సంత నిమ్మకాయలకు పేరుబడినది. బస్సు ఆగినచో కిటికీలోనుండి నిమ్మపండ్ల వాసన వచ్చును. ఈ సీమకు మఱియొక సంపద యున్నది. అది అభ్రకము. మన పిల్లలు కాకిబంగారమని యేరుకొనునది యిదియే. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతములను గలుపుకొని యొక పెద్ద అభ్రకపు పట్టీ ఈ జిల్లాలో వ్యాపించియున్నది. విద్యుత్తును తనగుండ పోనీయదు. ఎంత వేడినైనను ఓర్చుకొనును. పొరలు పొరలుగా విడును. ఈ మూడు గుణములచేతనే రేడియోల కాలమునుండియు విద్యుద్యంత్రములలో దీనికి స్థానము దొరకినది. నెల్లూరి నేలలో పుట్టిన యీ పొరలు సముద్రములు దాటి పరదేశములకు ఎగుమతియైనవి. ఎలక్ట్రానిక్ యంత్రములన్నియు దూరదేశపు వింతలని తలచువారికి ఈ సంగతి జ్ఞాపకము చేయదగినది.

ఇక యంత్రము కథ. మా యాడపడుచునకు ఇద్దరు బిడ్డలు. పెద్దది యాడపిల్ల, నెల్లూరిలో పాలిటెక్నిక్ చదువుచున్నది. ఇండ్లకును వంతెనలకును పటములు గీయుట ఆమె పాఠములలో నొకటి. చిన్నవాడు తొమ్మిదవ తరగతి. అక్కకు పటములు గీయుటకు కంప్యూటరు కావలెను. తమ్మునికి ఆటలాడుకొనుటకు కావలెను. నిజము చెప్పవలెనన్న అక్కకును ఆటలమీద తమ్మునికంటె ఎక్కువ మక్కువయే. క్రొత్తగా ఆటలకొఱకు చేయబడిన లాప్‌టాప్ కొనవలెనన్న డెబ్బదియెనుబదివేలు పెట్టవలెను. ఆ యింట అంత శక్తి లేదు. ఉన్నదెల్ల ముప్పదివేల రూపాయలు. అదియు కూతురి చెవులకు బంగారు కమ్మలు చేయించుటకని మా యాడపడుచు పొదుపుసంఘములో కూడబెట్టిన సొమ్ము.

మేనకోడలు మాకు ఫోను చేసి, “అత్తా! కమ్మలు తరువాత చేయించుకొందును. ఆఫీసులు వాడి తీసివేసిన వర్క్‌స్టేషన్ లాప్‌టాపులు చెన్నపట్టణములో దొరకును. ఒకటి చూడవా?” అని యడిగెను. తల్లి మాత్రము ఫోను తన చేతికి తీసికొని, “వదినా! తెండి. కాని నేను చూచి వలదన్నచో మరల తీసికొనిపోవలెను” అని చెప్పెను. అమ్మినవాడు ఏడు దినములలోపల తిరిగి యిచ్చినచో సొమ్ము వాపసు చేయుదునని చీటి వ్రాసియిచ్చెను. ఆ గడువు మనస్సులో నుంచుకొనియే మేము చేజర్లలో అడుగుపెట్టితిమి.

తల్లి వెనుకాడుటకు కారణము సొమ్ము మాత్రము కాదు. “ఆట” యను మాటయే ఆమెకు భయము. ఆ వీథిలోనే యొక యువకుడు సెల్‌ఫోనులో పేకాటయాడి, మొదట పదులు, పిమ్మట వందలు, వేలు పోగొట్టుకొని, తుదకు ఇంటిలోని రెండు గేదెలను అమ్మెను. ఆ గేదెలను తోలుకొనిపోవుచున్నప్పుడు అతని తల్లి యేడ్చిన యేడుపు తాను మఱవలేనని మా యాడపడుచు చెప్పినది.

ఆమె యత్తగారిని ఆ యింట అందఱును అవ్వ యందురు. ఆమె భయమునకు ఇంకను లోతైన వేరున్నది. ఉదయగిరి వైపున కలిగిరి మండలములో దూబగుంట యను గ్రామమున్నది. అక్షరదీపమను వయోజనవిద్యా కార్యక్రమమున అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు సీతమ్మకథ యను పాఠము చదివి, తమ సంసారములను కూల్చుచున్నది సారాయి యని గ్రహించి, 1992 ప్రాంతమున తమ యూరిలో సారాయిని ఆపిరి. రోశమ్మ పేరు ఆ యుద్యమముతోబాటు దేశమంతట వినబడినది. ఊరూర స్త్రీలు చీపుళ్లు పట్టుకొని లేచిరి. 1993లో రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడినది. ఆ దినములలోనే, సారాయికి పోవు రూపాయిని దినమున కొకటి చొప్పున దాచుకొనుడని పొదుపులక్ష్మి యుద్యమము ఈ జిల్లాలో మొదలైనది. అవ్వ ఆనాడు పొదుపులో చేరినది. నేడు కోడలు ఆ వరుసలోనే యున్నది. కమ్మలకొఱకు దాచిన సొమ్ము అట్టి సొమ్ము. “సారాయి బండిని ఊరిలోనికి రానీయక అడ్డుపడినవాళ్లము. ఇప్పుడు జూదము జేబులో కూర్చుండి వచ్చుచున్నదే! దానిని మనమే డబ్బిచ్చి యింటికి తెచ్చుకొందుమా?” అని అవ్వ యడిగిన ప్రశ్నకు మేము వెంటనే ప్రత్యుత్తరమీయలేదు. యంత్రము విప్పి చూపిన తరువాత మాటలాడుదమని యనుకొంటిమి.

ఈ యంత్రము కొన్న చోటును గూర్చి కొంచెము చెప్పవలెను. చెన్నపట్టణమున మౌంటురోడ్డునకు చేరువగా రిచ్చీవీథి యున్నది. ఒకప్పుడు రేడియో సామానులకు పేరుబడిన యా వీథి నేడు కంప్యూటర్లకును వాని విడిభాగములకును పెద్దసంత. పెద్ద కంపెనీలు తమ యుద్యోగులకిచ్చు యంత్రములను మూడు నాలుగేండ్లకొకసారి మార్చును. దానికితోడు, విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. దాని తరువాతి విండోస్ 11 ఏడవతరమునకును అంతకు పూర్వమునకును చెందిన ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు వేనిని అంగీకరింపదు. అందుచేత చక్కగా పనిచేయుచున్న యంత్రములే ముసలివని ముద్రవేయబడి సంతకు వచ్చుచున్నవి. తమాషా యేమనగా, 1983నాటి యొడంబడికను బట్టి తెలుగుగంగ కాలువద్వారా ఈ జిల్లాలోని సోమశిల, కండలేరు జలాశయముల మీదుగా కృష్ణాజలములు చెన్నపట్టణమునకు పోవుచున్నవి. 1996లో ఆ నీరు మొదటిసారి పట్టణము చేరినది. చేజర్ల సీమనుండి నీరు అటు పోవగా, పట్టణము వలదన్న యంత్రము ఇటు వచ్చినది.

నెల్లూరుసీమవారికి పశువులను కొనుట తెలిసిన విద్య. పళ్లు చూతురు, నడిపించి చూతురు, గిట్టలు తట్టి చూతురు. పాత లాప్‌టాప్ కొనుటయు నంతియే. మేము మేనకోడలు వ్రాసిపంపిన పట్టికనుబట్టి వరుసగా చూచితిమి. మొదటిది, యంత్రము తెరచునప్పుడు ఏదైన తాళపు సంకేతము అడుగుచున్నదా? కంపెనీ పెట్టిన లోపలి తాళము తీయక అమ్మిన యంత్రము ఇంటిలో ఉపయోగింపదు. రెండవది, తెరమీద మచ్చలు, గీతలు. మూడవది, కీలు వదులైనదా? నాలుగవది, మీటలన్నియు పలుకుచున్నవా? అయిదవది, దానితో వచ్చు ఛార్జరు దానిదేనా? ఈ జాతి యంత్రమునకు 170 వాట్ల ఛార్జరు కావలెను. చిన్నదానిని తగిలించినచో బలము చాలక మందకొడిగా నడచును. ఆఱవది, పన్నుతో గూడిన రసీదు. ఇవి యన్నియు సరిపోయిన పిమ్మటనే బేరమాడితిమి.

మేము తెచ్చినది లెనోవో కంపెనీవారు 2015లో ప్రకటించిన థింక్‌ప్యాడ్ పి50. బరువు ఇంచుమించు రెండున్నర కిలోలు. వర్క్‌స్టేషన్ జాతి యన, ఇంజనీర్లును శిల్పులును దినమంతయు బరువు పనులు చేయుటకని కట్టిన యంత్రము. సన్నని లాప్‌టాపులలో ర్యామ్ పలకలను బోర్డునకే అతికించివేయుదురు. ఇందులో నాలుగు అరలు కలవు, 64 జీబీ వఱకు పెంచుకొనవచ్చును. ఎస్.ఎస్.డి. పెట్టుకొనుటకును వేరుగా తావులు కలవు. గ్రాఫిక్సు పనికి ఎన్విడియావారి క్వాడ్రో ఎం2000ఎం, నాలుగు జీబీల సొంత జ్ఞాపకశక్తితో నున్నది. క్వాడ్రో పటములు గీయుటకని చేసినది; అయినను ఆటలకు వలసిన చిత్రములను లెక్కించు పనియు నదియే చేయును. ఒకే రోలు పిండికిని పచ్చడికిని పనికివచ్చినట్లని యనుకొనుడు.

చేజర్ల చేరిన మఱునాటి యుదయమున, ఎండ యెక్కకమునుపే, చావడిలో చాప పరచి దాని మీద తెల్లని పాతపంచె వేసి మేనకోడలు పని యారంభించెను. మేము ప్రక్కను కూర్చుండి మరలను ఒక్కొక్కటిగా తీసి, గ్రుడ్డల పొట్లములో కలిసిపోకుండ, తీసిన చోటు పేరు కాగితముమీద వ్రాసి యమర్చితిమి. ఈ పనికి పట్టుచీరగాని నైలాను చీరగాని పనికిరాదు. రాపిడిచే పుట్టు స్థిరవిద్యుత్తు చిన్న చిప్పులను చంపగలదు. నూలుబట్ట కట్టుకొని, నడుమ నడుమ ఏదైన లోహమును ముట్టుకొనుట మంచిది. ముందుగా ఛార్జరు తీసి, బ్యాటరీని ఊడదీసి, పిమ్మటనే అడుగు పలకను విప్పవలెను.

అడుగుపలక తీయగానే అవ్వ నవ్వెను. “ఇది యింట ఊడ్వక విడిచిన మూల వలె నున్నదే!” అనెను. నిజమే. ఫ్యాను రెక్కలకును, రాగిగొట్టముల చివరనున్న పలుచని రేకులకును నడుమ దుమ్ము దూదివలె అట్టకట్టియుండెను. ప్రాసెసరునందు పుట్టు వేడిని రాగిగొట్టములు మోసికొనిపోయి యా రేకులకిచ్చును. ఫ్యాను గాలి దానిని వెలుపలికి నెట్టును. దారి మూసికొనిపోయినచో వేడి లోపలనే నిలుచును. మేనకోడలు ఫ్యాను రెక్క తిరుగకుండ వ్రేలితో పట్టుకొని మెత్తని కుంచెతో దుమ్ము తీసెను. తరువాత చిప్పుమీద రాగిపలకను ఎత్తిచూడగా, వానినడుమ నుండవలసిన వేడిని మోయు లేపనము ఎండిన సున్నపు పెచ్చువలె నుండెను. దానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, క్రొత్త లేపనమును శనగగింజంత పెట్టి, మరలను మూలనుండి మూలకు, కొంచెము కొంచెముగా బిగించెను. లేపనము ఎక్కువైనను తప్పే. గిన్నె అడుగంటకుండుటకు నూనె కావలెను గాని, గిన్నెనిండ నూనె పోయుదుమా?

ఫలమును మేము కన్నులార చూచితిమి. విప్పకమునుపు బరువైన ఆట యొకటి నడిపి చూడగా ప్రాసెసరు వేడి 97 డిగ్రీలు చూపెను. నూఱు డిగ్రీలు దాని హద్దు. ఆ హద్దు చేరుచుండగా తన్ను తాను కాపాడుకొనుటకు అది వేగము తగ్గించుకొనును. ఆటలో బొమ్మ తడబడుటకు కారణమిదియే. శుభ్రము చేసిన పిమ్మట అదే ఆట, అదే గదిలో 82 డిగ్రీలు. మే నెలలో రోహిణికార్తె వచ్చినప్పుడు పడమటి నెల్లూరి యెండ 40 డిగ్రీలు దాటుట అపురూపము కాదు. గది వేడి పెరిగినకొలది యంత్రపు వేడియు పెరుగును. కావున మేనకోడలు రెండు కట్టుబాట్లు చేసెను. తెరమీద క్షణమునకు మారు చిత్రముల సంఖ్యను అఱువదికి మించనీయకుండ కట్టివేసెను. యంత్రము క్రింద రెండు చెక్కముక్కలు పెట్టి గాలికి త్రోవ చేసెను. పఱుపుమీదను ఒడిలోను పెట్టి ఆడరాదని తమ్మునికి చెప్పెను.

యంత్రమునకు వెనుక నుండిన తిరుగుడు డిస్కును ఫోటోలు దాచుటకు ఉంచి, క్రొత్తగా 512 జీబీల ఎస్.ఎస్.డి. అమర్చితిమి. లేచుటకు రెండు నిమిషములు పట్టిన యంత్రము ఇరువది క్షణములలోనే లేచుచున్నది. పాతయంత్రమునకు ఒక్క మార్పే చేయగల శక్తియున్నచో, చేయవలసిన మార్పు ఇదియే. ర్యామ్ 16 జీబీ యుండగా దానిని ముట్టలేదు. 2025 చివరనుండి, కృత్రిమమేధ కొఱకు కట్టు పెద్ద కంప్యూటరు శాలల గిరాకిచేత ర్యామ్ వెలలు మిక్కిలి పెరిగినవి. రెండు అరలు ఖాళీగా నున్నవి. వెల దిగినప్పుడు నింపుకొనవచ్చును. కొనకుండ ఆగుటయు గృహిణి నేర్పులలో నొకటి.

లెక్క యిట్లున్నది. యంత్రమునకు 21,500 రూపాయలు, ఎస్.ఎస్.డి.కి 4,500, క్రొత్త బ్యాటరీకి 3,200, లేపనము, కుంచె, ఆల్కహాలు మొదలగువానికి 600. మొత్తము 29,800. మిగిలిన 200 రూపాయలను మా యాడపడుచు మాటాడక తీసికొని పొదుపు పుస్తకములో పెట్టెను. విద్యుత్తు ఖర్చును గూర్చి ఆమె యడిగినది. ఆటాడునప్పుడు గంటకు ఇంచుమించు నూఱు వాట్లని లెక్కవేసినచో, పదిగంటలకు ఒక యూనిట్టగును.

విండోస్ 11 దీనిని అంగీకరింపదు గనుక, వెలలేకుండ దొరకు లినక్స్‌ను మేనకోడలు ఎక్కించెను. విండోస్ కొఱకు చేసిన ఆటలను లినక్స్‌మీద నడిపించు ప్రోటాన్ అను ఏర్పాటును వాల్వ్ కంపెనీవారు 2018లో విడుదల చేసిరి. అన్ని ఆటలును దీనిచే నడవవు; మోసమును కనిపెట్టు కావలివ్యవస్థలుగల పోటీ ఆటలు కొన్ని మొరాయించును. నేటి మహాభారమగు క్రొత్త ఆటలను ఈ గ్రాఫిక్సు చిప్పు మోయలేదు; దానిని బోర్డునకు అతికించియున్నారు గనుక మార్చుటకును వీలులేదు. ఈ హద్దును కొనకమునుపే తెలిసికొన్నవారికి నిరాశ లేదు.

ఆడినవి రెండాటలు. ఒకటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. 1999లో పుట్టిన యీ రాజ్యతంత్రపు ఆటను 2019లో క్రొత్తరూపున తెచ్చిరి. 2022లో మన దేశపు రాజవంశములను చేర్చిరి. రెండవది రాజీ. పుణెకు చెందిన చిన్నసంస్థవారు 2020లో తెచ్చిరి. తప్పిపోయిన తమ్ముని వెదకుచు రాక్షసులతో పోరాడు బాలిక దాని నాయిక. చిత్రస్ఫుటత్వమును కొంత తగ్గించినచో రెండును చక్కగా నడచినవి. బాలిక గంతులువేసి గోడలెక్కుట చూచి అవ్వ, “ఈ పిల్ల మన పిల్లవలె నున్నదే!” అని ముందుకు జరిగి కూర్చుండెను.

మూడవనాడు మేమందఱము ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి పోయి వచ్చితిమి. ఇంచుమించు మూడువేల యడుగుల కొండమీద ఆ దుర్గము నేటికిని గంభీరముగా నిలిచియున్నది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి యారంభించి, గజపతుల చేతినుండి దీనిని 1514లో గెలిచెను. ఇంచుమించు ఏడాదిన్నర పట్టినది. ఇచ్చటి బాలకృష్ణుని విగ్రహమును తీసికొనిపోయి హంపిలో ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను. మునుపటిదినమున తెరమీద కోటను అయిదు నిమిషములలో కూల్చిన మా మేనల్లుడు కొండను తలయెత్తి చూచి, “ఇంత కొండమీదికి రాళ్లు ఎట్లు మోసిరి? పైనున్నవారికి నీరెట్లు?” అని యడిగెను. వాని ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. ఆట ప్రశ్నను పుట్టించినచో అది వినోదము. ప్రశ్నను చంపినచో అది వ్యసనము. దిగివచ్చునప్పుడు ఆ యూరి చెక్కగరిటెలు రెండు కొంటిమి. ఉదయగిరి కొయ్యపనివారు అడవికొయ్యతో చెక్కు చెంచాలును గరిటెలును దేశమంతట పేరుగాంచినవి.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట మా యాడపడుచు యంత్రము ముందర కూర్చుండి తన బిడ్డలను అడిగినది ఒక్కటే ప్రశ్న: “ఇది ఆడుచుండగా నన్ను డబ్బు అడుగునా?”

ఈ ప్రశ్నయే సర్వమునకు మూలము. మేము తెలిసినంతవఱకు చెప్పితిమి. ఆటలు రెండు విధములు. ఒకటి పుస్తకమువలె ఒక్కసారి వెలయిచ్చి కొని, ఎన్నిసార్లయినను ఆడుకొనదగినది. రెండవది పందెము కట్టించి, గెలుపు ఆశ చూపి, మరల మరల సొమ్ము లాగునది. రెండవదానిని మన రాష్ట్రము 2020లోనే చట్టము సవరించి నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతటను నిషేధించి, పందెములేని ఆటలకును పోటీక్రీడలకును త్రోవ విడిచినది. అయినను చట్టము ఇంటి గడపవఱకే వచ్చును. గడప లోపల తల్లియే చట్టము. ఒకసారి కొన్న ఆటలలోపల సహితము అంగడులు పెట్టి బొమ్మలకు చొక్కాలమ్మువారు కలరు. కావున యంత్రమునకు బ్యాంకు ఖాతానుగాని, సెల్‌ఫోను చెల్లింపునుగాని జతచేయరాదు. తమ్మునికి వేరు ఖాతా తెరచి, దాని సంకేతమును తల్లి వ్రాయించుకొనవలెను.

ఆమె చాలసేపు ఆలోచించెను. గడువు ఇంక మూడు దినములే యున్నది. మేనకోడలు తాను గీసిన చిన్న పెంకుటింటి పటమును తెరమీద త్రిప్పి చూపెను. ఆ యిల్లు తమ యిల్లే. వంటింటికి తూర్పున నొక కిటికీ అధికముగా నుండెను. “ఇచ్చట కిటికీ లేదుగదే!” అని తల్లి యనగా, “నీకు పొగ తగులుచున్నదని పెట్టితిని” అని కూతురు చెప్పెను. తల్లి మాటాడలేదు. కొంచెముసేపటికి, “మా సంఘపు లెక్కలు ఇందులో వ్రాయవచ్చునా?” అని యడిగెను. ఆ మాటతో మాకు ఉత్తరము తెలిసినది.

కాని ఆమె ఊరక ఒప్పుకొనలేదు. నాలుగు షరతులు పెట్టెను. యంత్రము చావడిలోనే యుండవలెను. తలుపు మూసిన గదిలోనికి పోరాదు. బడి దినములలో ఒక గంట, ఆదివారము రెండు గంటలు. పటముల పని యున్నప్పుడు ఆట వెనుకకు జరుగవలెను. డబ్బడిగిన ఆట ఏదియైనను ఆనాడే తీసివేయవలెను. అవ్వ అయిదవది చేర్చెను: “నాకు పులిజూదము చూపవలెను. కంప్యూటరు పులులను నేను కట్టివేయుదును.” జూదమను పేరున్నను అందు పందెము లేదని ఆమెయే అందఱికిని వివరించి చెప్పెను! మేనకోడలు తాను ప్రోగ్రాము నేర్చుకొని ఆ పలకను తెరమీద గీయుదునని మాటయిచ్చినది.

సోదరీమణులారా! లోకమున 2022లో పాతబడి పాఱవేయబడిన విద్యుత్పరికరముల బరువు 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి సంబంధమైన నివేదిక తెలుపుచున్నది. అందులో లెక్కకెక్కి సక్రమముగా శుద్ధిచేయబడినది నూటికి ఇరువదిరెండు పాళ్లే. మిగిలినదానిలో కొంత బీదల వాడలలో కాల్చబడుచు, సీసము మొదలగు విషములను నేలకును గాలికిని పంచుచున్నది. చిల్లుపడిన బిందెకు మాటు వేయించుట, తల్లి చీరను బిడ్డకు ఊయల కట్టుట, పాతబొంతకు క్రొత్త అంచు కుట్టుట మన యిండ్లలో పరంపరగా వచ్చుచున్న విద్యలు. యంత్రములకు మాత్రము ఆ విద్య పనికిరాదని యెవరు చెప్పిరి? మరచుట్టు పట్టుటకు మగవారే కావలెనను నియమమును లేదు.

మీ యింట బిడ్డలు కంప్యూటరు కావలెనని యడిగినప్పుడు, లేదని కసరుటకును, అప్పుచేసి క్రొత్తది తెచ్చుటకును నడుమ మూడవదారి యొకటి కలదని తెలుపుటకే ఇంత వ్రాసితిమి. కొనుటకు ముందు తాళము, తెర, ఛార్జరు, రసీదు చూడుడు. కొన్న పిమ్మట దుమ్ము తీయుడు, లేపనము మార్చుడు, ఎస్.ఎస్.డి. పెట్టుడు. దానిని నలుగురు తిరుగు చోట నుంచుడు. అన్నిటికంటె ముందుగా మా యాడపడుచు ప్రశ్నను ప్రతి ఆటకును వేయుడు. ఆ ప్రశ్నకు “అడుగదు” అని వచ్చినచో, బిడ్డల ప్రక్కన మీరును ఒక పీట వేసికొని కూర్చుండుడు.